తలుపుల్లేని బీరువా

రుంఫీ, బుధవారం

బావగారికి,

క్షేమమని రాయలేను. పిల్లలు బతికే ఉన్నారు.

మీరు శనివారం ఎడ్లబండి తెచ్చి మా చెక్క బీరువా పట్టుకెళ్తారని పక్కింటి న్యాగొండ్వే చెప్పింది. "దాని తలుపులెక్కడ దాచిందో కూడా కనుక్కో, దొంగబుద్ధి దానిది" అని ఆమెతో అన్నారట.

మంచం, కుర్చీలు తీసుకెళ్లిన రోజు మీరే కదా, "ఇది మా వంశం నేల, ఇందులో ఒక్క గింజ వేశావంటే ఊరుకోను" అన్నారు. మీ మాట జవదాటలేదు. బీరువాని పెరట్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఏటి ఒడ్డు నుంచి తట్టలతో మట్టి మోసి నింపి, ఆవాలు చల్లాను. మీ నేలకి ఒక్క వేరు కూడా తగల్లేదు. ఆ ఆకుకూరతోనే పిల్లలకి రోజూ మొక్కజొన్న ముద్ద దిగుతోంది. చిన్నది టెంవా దానికి "నాన్న తోట" అని పేరు పెట్టింది.

ఇక తలుపుల సంగతి. మీ తమ్ముడు పోయిన నాడు కబురంపినా మీరు రాలేదు. శవపేటికకి పలకలు చాలకపోతే, వడ్రంగి ఆ రెండు తలుపులూ ఊడదీసి మూత చేశాడు. తలుపుకున్న తాళం ఊడదీసే తీరిక కూడా లేకపోయింది. తాళంచెవి నా దగ్గరే ఉంది, ఇస్తాను.

వచ్చేటప్పుడు పార తెచ్చుకోండి బావగారూ. రెండు చోట్ల తవ్వాలి.

మీ తమ్ముడి భార్య