ఆలుచిప్పల మీద పడ్డ నింద

కంబాడోస్,
ఫిబ్రవరి 11.

మరదలు సలేటాకి వదిన దోసిందా దీవించి రాస్తున్నది. అక్కడ మీ పుట్టిన ఊరు ఓ-గ్రోవెలో నువ్వూ మీ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా ఒళ్ళు మండిపోతోంది, అదొక్కటి తప్ప అంతా క్షేమమే.

నువ్వు వెళ్ళి తొమ్మిది రోజులు. నీ ఏప్రాన్ ఇంకా ఆ కుర్చీ మీదే పడి ఉంది. నేను తియ్యను.

అసలేం చెప్పానే నీకు? వీగోలో హోటలు నడిపే ఎర్మీతాస్ గారు వస్తున్నారు, మన అల్బరీన్యో ద్రాక్ష వైన్ నచ్చితే ఈ ఏటి సరుకంతా ఆవిడే తీసుకుంటుంది, లేదంటే మా తమ్ముడు నాటిన తోట అమ్ముకోవాల్సిందే అని పదిసార్లు చెప్పాను. ఆలుచిప్పలు ఆవిరి మీద ఉడికించు, ఒక్క లారెల్ ఆకు వెయ్యి, ఇంకేమీ వద్దు అన్నాను. నువ్వేం చేశావు? వెనిగర్‌లో ఊరేసిన ఆలుచిప్పల జాడీ తెచ్చి ఆవిడ ముందు పెట్టావు. మీ అమ్మ చేతి వంటట! మన తెల్ల వైన్‌లో ముందు నిమ్మతొక్క వాసన, తర్వాత మాగిన పీచ్ పండు, చివర్లో నాలుక మీద సముద్రపు ఉప్పు. పక్కన వెనిగర్ పెడితే అదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ మాత్రం మన ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు.

ఆవిడ వైన్ ఒక్క గుక్క తాగి గిన్నె కింద పెట్టేసింది. రొట్టె తుంచుకుంటూ, ఈసారి వానలు ఎక్కువే కదా అంది. వైన్ గురించి ఒక్క ముక్క లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ కారు మలుపు తిరగగానే నీ మీద విరుచుకుపడ్డాను. అవును, అరిచాను. నువ్వేమో నిమ్మళంగా, "ఆలుచిప్పల్ని తిడతావేం వదినా? ఒక్కసారి ఆ వైన్ కూజా వాసన చూడు" అన్నావు. నాకా చెప్పడం! నలభై ద్రాక్షకోతలు చూసిన ముక్కు ఇది. ఆ మాటే అన్నాను. ఆలుచిప్పలు ఏరుకునే ఇంటి పిల్లకి వైన్ సంగతేం తెలుసని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. కానీ నువ్వు మాత్రం? మా తమ్ముడు పోయాక కూడా ఏడేళ్ళు నాతోనే ఉన్నదానివి, ఒక్క మాటకి గడప దాటి పోతావా?

నిన్న ఎర్మీతాస్ ఫోన్ చేసింది. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మీ తమ్ముడి చేతి వైన్ నాకింకా గుర్తుంది, గురువారం మళ్ళీ వస్తాను అంది. పరాయిదానికి ఉన్న ఓపిక నీకు లేకపోయింది.

వస్తే రా. లేకపోతే ఆలుచిప్పలు నేనే ఉడికించుకుంటాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని నీ వదిన,
దోసిందా

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. తప్పు నీ ఆలుచిప్పలది కాదు. ఆ కూజా నింపింది నేనే, వైన్ చెడిపోయిందని వెనిగర్ కోసం పక్కన పెట్టిన పీపాలోంచి. ముక్కుండగా గుర్తులెందుకని పీపాల మీద ఏనాడూ సుద్దగీత పెట్టలేదు కదా నేను. ఆ రోజు రెండు పీపాలూ వాసన చూసే నింపాను సలేటా. జనవరిలో ముగ్గురు రాజుల పండగకి వచ్చిన జ్వరం నా ముక్కుని పట్టుకుపోయింది. నాలుకకి పులుపొక్కటే తెలుస్తోంది, రెండూ పుల్లగానే ఉన్నాయి. మొన్న ఉల్లిపాయలు మాడిపోతుంటే పొగ కనిపించాక పరిగెత్తాను. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? గురువారం నువ్వొచ్చి, ఏ పీపాలోంచి పొయ్యాలో చెప్పవే.