నొప్పులమ్మకు సవాలు

నంద్యాల.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో నొప్పులమ్మ గుడి చూసుకునే సరోజమ్మ గారికి, దేవనాథ్ హెచ్చరికతో కూడిన నమస్కారాలు.

మీరు ఫోను వాడరట. మంచిదే, నాకూ రాతపూర్వకమైన ఆధారం కావాలి. మూఢనమ్మకాల మీద పదకొండు కరపత్రాలు చదివాను, ఒకటి రాశాను. మొన్న మా అమ్మ కమలవల్లిని మీ గుడి దగ్గర దించి, బయట నిలబడి కళ్లారా చూశాను. నిటారుగా లోపలికి వెళ్లినవాళ్లు కుంటుతూ, నడుం పట్టుకుని బయటికి వస్తున్నారు. లోపల భక్తుల్ని కొడుతున్నారా? వారంలో జవాబు రాకపోతే కలెక్టరుకు అర్జీ పెడతాను. మీ అమ్మవారికి శక్తే ఉంటే, మా అమ్మ కుడి మోకాలి నొప్పి తీసి నాకివ్వమనండి, చూద్దాం!

ఆగ్రహంతో,
దేవనాథ్

తా.క.: ఈ ఉత్తరం సంగతి అమ్మకు చెప్పకండి. కొడుతుంది.

*

ఆళ్లగడ్డ.

కోపంగా ఉండే దేవనాథ్‌ను సరోజమ్మ దీవించి రాసేది.

ఈడ ఎవర్నీ కొట్టరు నాయనా. టెంకాయ లేదు, హుండీ లేదు, గంట గూడా లేదు. రాయి చెక్కి చెక్కి చేతులు పడిపోయినోళ్లు నిలబెట్టుకున్న అమ్మ. తన నొప్పి తీయమని ఎవరూ అడగగూడదు. ఇంకొకరి నొప్పి నాకియ్యి అని కాగితం మింద రాసి పాదాల కాడ పెట్టల్ల. కుంటుతా పోయినోళ్లంతా అట్ల అడిగి తెచ్చుకున్నోళ్లే. నీ కాగితం గూడా చదివి పెట్టినా. ఇంత గట్టిగా అడిగినోణ్ని నేను యాడా చూడలే.

ఇట్లు,
సరోజమ్మ

తా.క.: మీ యమ్మకు రెండు మోకాళ్లూ నొప్పే. నువ్వు కుడిదే రాసినావు. నొప్పులమ్మ కాగితంలో రాసినంతే చేస్తాది.

*

నంద్యాల.

సరోజమ్మ గారికి,

అది మొక్కు కాదు, సవాలు! నా అనుమతి లేకుండా పాదాల దగ్గర పెట్టడం అప్రజాస్వామికం. మూడు రోజులుగా నా కుడి మోకాలు నొప్పిగా ఉన్నమాట నిజమే. కరపత్రాలు పంచుతూ తిరిగినందువల్ల. డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు. లోపల అరవై ఏళ్ల మోకాలున్నట్టుంది సార్ అంటే నవ్వాడు.

నిరసనతో,
దేవనాథ్

తా.క.: వాన వచ్చే ముందు ఎక్కువవుతోంది. అమ్మా ఇలాగే చెప్పేది. యాదృచ్ఛికం.

ఇంకో తా.క.: ఊరికే అడుగుతున్నాను, వెనక్కి ఇవ్వాలంటే ఎలా?

*

ఆళ్లగడ్డ.

దేవనాథ్ నాయనకు,

నాకొద్దు అని ఒక ముక్క రాయి, పెడతా. ఆ నొప్పి యాన్నుంచి వచ్చిందో ఆడికే పోతాది. సిగ్గుపడాల్సిన పనిల్యా, శానామంది మూడోనాడే రాస్తారు.

ఇట్లు,
సరోజమ్మ

తా.క.: శనివారం మీ యమ్మ వచ్చింది. “నా కొడుకు కుంటుతాండాడు, ఏం నొప్పో చెప్పడు, అది నాకియ్యి” అని కాగితం ఇచ్చిపోయింది. అది తనదేనని ఆయమ్మకు తెలీదు. నేనింకా పెట్టలే. నీ జాబు కోసం చూస్తాండా.

*

నంద్యాల.

సరోజమ్మవ్వకు,

అమ్మ కాగితం పెట్టొద్దు. చించెయ్యి.

నిన్న అమ్మను అహోబిలం తీసుకుపోయాను. తను ఎగువ గుడి మెట్లు ఎక్కుతుంటే నేను కింద రాతి మీద కూర్చుని చూశాను. నా వల్ల కాలేదు. అమ్మ కుడికాలు గట్టిగా ఆనించి, ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కిపోయింది. పైనుంచి నాకు చెయ్యూపింది. నేను వారం రోజుల్లో ఇద్దరు డాక్టర్లకూ నీకూ మొరపెట్టుకున్న ఈ నొప్పితోనే పన్నెండేళ్లు నిలబడి నాకు వండిపెట్టింది. అవ్వా, ఈ మాట ఏ కరపత్రంలోనూ లేదు.

నా అభిప్రాయం మాత్రం మారలేదు. అమ్మవారు లేదు.

దేవనాథ్

తా.క.: ఉంటే, ఎడమ మోకాలిదీ నాకివ్వమను, చూద్దాం!