ఇస్త్రీ బల్ల పక్కన ఎవరూ లేరు

మార్చి 4, మంగళవారం

డ్యూటీ ఆఫ్. నేనూ మా ఆవిడా మ్యాటినీకి వెళ్ళాం. లైట్‌హౌస్ కాపలావాడి కథ. సినిమాల పేర్లు ఇక్కడ రాయను. పేరు రాస్తే తర్వాత చదివినప్పుడు పోస్టరు గుర్తొస్తుంది గానీ నాకేమనిపించిందో గుర్తురాదు.

ఎప్పట్లాగే మూడో వరుస. తెర వచ్చి మీద పడ్డట్టుండాలి నాకు. మా ఆవిడకి మెడ నొప్పి, అయినా నాతో అక్కడే కూర్చుంటుంది.

ఫస్టాఫ్ బాగుంది. కాపలావాడు మనుషులతో మాట్లాడడు, రేడియోలో వార్తలు చదివేవాడికి మాత్రం సమాధానాలు చెబుతుంటాడు. రాసినవాడికి దండం పెట్టాలి. సెకండాఫ్ సాగదీశారు. కెమెరామన్‌కి సున్నా. అంతా చీకటి, పక్కలైతే అసలే కనబడవు. ఈ మధ్య అందరూ ఇంతే. మధ్యలో ఒక మొహానికి లైటు పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. ఆ మాటే అంటే, చీకటేంటండీ, ఆ వెలుగుకి నాకు కళ్ళు చికిలించాల్సి వచ్చింది అంది మా ఆవిడ. తనకి సినిమా టెక్నిక్ తెలియదు.

మార్చి 11, మంగళవారం

లాండ్రీ నడిపే అక్కచెల్లెళ్ళ కథ. నటన ఫస్ట్ క్లాస్. పాటలు లేవు, బతికించారు. కానీ అసలైన చోట బోల్తా పడ్డారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు ఉతికి ఆరేసే సీనుంది. మొదట్లో వాళ్ళమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటుంది. మధ్యలో ఉండదు. తలుపు తీసిన చప్పుడు లేదు, వెళ్ళినట్టు చూపించలేదు. సీను చివర మళ్ళీ ప్రత్యక్షం. ఇంత పెద్ద కంటిన్యుటీ తప్పు ఎడిటర్‌కి ఎలా కనబడలేదో.

బయటికొచ్చాక ఈ సంగతి చెబితే మా ఆవిడ నన్ను వింతగా చూసింది. ఆవిడ సీనంతా అక్కడే ఉందిగా, చొక్కా కాలిపోతున్నా ఇస్త్రీ పెట్టె ఎత్తకుండా నిలబడిపోయింది, నేను ఏడ్చిందే అందుకు అంది. మీరు కునుకు తీసుంటారు అని కూడా అంది.

సినిమా హాల్లో నేను కునుకు తీయడమా.

మార్చి 13, గురువారం

ఈ రోజు డ్యూటీలో స్పాయిలర్ రెండుసార్లు "ఎడమ, ఎడమ" అన్నాడు. స్పాయిలర్ అంటే నేను నడిపే బస్సులో కండక్టరు. తొమ్మిదేళ్ళుగా నా బండిలోనే. ఏ సినిమా అయినా మనం చూడకముందే క్లైమాక్స్ చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు. ఎందుకలా అన్నావని అడగలేదు.

మార్చి 15, శనివారం. రాత్రి తొమ్మిది

పొద్దుటి డ్యూటీ దిగి, ఇంట్లో చెప్పకుండా మళ్ళీ లాండ్రీ సినిమాకి వెళ్ళాను. నా మాటే నిజమని తేల్చుకుందామని. ముందు వరుసల టికెట్లు లేవు, చివరి వరుస ఇచ్చారు.

ఆ తల్లి అక్కడే ఉంది.

సీను మొదలైనప్పటి నుంచీ ఉంది. చొక్కా మీద నుంచి పొగ లేస్తోంది. ఆవిడ చెయ్యి కదలడం లేదు. జనం ముక్కులు ఎగబీలుస్తున్నారు, నాకు మాత్రం ముచ్చెమటలు పట్టాయి.

హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, మూడో వరుసలో నా సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. తెర తెల్లగా ఉంది. ఎడమ చివర నల్లటి కర్టెన్ ఉండాలి. తల తిప్పితే ఉంది. నేరుగా చూస్తే లేదు. కుడికన్ను మూసుకున్నాను. కర్టెనే కాదు, సగం తెర లేదు. అక్కడ చీకటి కూడా లేదు. ఏమీ లేదు.

తుడిచేవాడు వచ్చి, షో అయిపోయింది సార్, ఇంకా కూర్చున్నారేంటి అన్నాడు.

మార్చి 16, ఆదివారం

జనవరిలో డిపోలో కంటి పరీక్ష అయింది. చార్టులో చివరి లైను గడగడా చదివాను. పదిహేడేళ్ళుగా అలాగే చదువుతున్నాను. సంతకం పెట్టిన కార్డు జేబులో ఉంది, మళ్ళీ జనవరి దాకా చెల్లుతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు తప్ప పక్కన ఏముందో ఆ పరీక్షలో ఎవరూ అడగరు. ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు.

మార్చి 18, మంగళవారం

కామెడీ సినిమా. చివరి వరుస తీసుకున్నాను. ఎందుకని అడిగితే నీ మెడ కోసమే అన్నాను. మా ఆవిడ ఎంత మురిసిపోయిందంటే, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సినిమా గురించి అభిప్రాయం లేదు. రెండు గంటలూ అంచులే చూశాను. హాలంతా నవ్వినప్పుడల్లా నాకు కనబడనిది ఏదో జరిగిందని భయపడ్డాను. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. ఊరికే బాగుందనడం నా జన్మలో ఇదే మొదటిసారి.

మార్చి 20, గురువారం

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున తొమ్మిదింబావు. కూరగాయల మార్కెట్ స్టాపు. బస్సుని పక్కకి తీస్తున్నాను. రోడ్డు ఖాళీ. ఒట్టేసి చెబుతాను, నాకు ఖాళీగానే ఉంది. ఉన్నట్టుండి స్పాయిలర్ రేకు మీద దబదబా బాదాడు. బ్రేకు తొక్కాను. నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. దిగి చూస్తే సైడు అద్దం విరిగి వేలాడుతోంది, టైరు ముందు టమాటాలు దొర్లుతున్నాయి. వాటి పక్కన ఒక పెద్దావిడ. డెబ్బై ఏళ్ళుంటాయి. అద్దానికి ఆవిడ భుజానున్న సంచీ తగిలింది, అంతే. జానెడు ఇటు జరిగుంటే భుజమే.

కళ్ళు నెత్తికెక్కాయా అని నన్ను తిట్టింది. నేను టమాటాలు ఏరుతూ ఉండిపోయాను. ఆవిడకే జాలేసినట్టుంది, ఇక చాల్లే బాబూ, వెళ్ళి బండి తియ్యి అంది.

టీ దగ్గర స్పాయిలర్ తిన్నగా విషయానికొచ్చాడు. రెండు నెలల్నుంచీ చూస్తున్నానన్నా, నీకు ఎడమ పక్క కనబట్టం లేదు అన్నాడు. అందుకే వెనక తలుపు దగ్గర నిలబడటం మానేసి ముందుకొచ్చాడట. రోజూ నా పక్కన నిలబడి టికెట్లు కొడుతుంటే, కొత్త సినిమా కబుర్లకోసం అనుకున్నాను. ఎవరికీ చెప్పొద్దు, ఆ పక్క నేను చూసుకుంటాను, నీ పిల్లల చదువులయ్యేదాకా లాగించేద్దాం అన్నాడు. అద్దం చెట్టుకొమ్మకి తగిలిందని లాగ్‌షీట్‌లో అప్పటికే రాసేశాడు.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఇంటికి నడుస్తుంటే ఆ హమ్మయ్యే గుర్తొచ్చింది. వాడు ఒక్క రోజు చిల్లర వెతుక్కుంటూ తల దించితే?

మార్చి 21, శుక్రవారం

నడిపాను. ఏమీ కాలేదు.

మార్చి 22, శనివారం. ఉదయం పది

కడుపు నొప్పని చెప్పి డ్యూటీకి వెళ్ళలేదు. మా ఆవిడకి అంతా చెప్పేశాను. లాండ్రీ సినిమా, కర్టెన్, టమాటాలు.

తను లేచి నా ఎదురుగా నిలబడింది. నా ముక్కు వైపే చూడండి అంది. చూస్తున్నాను. కాసేపయ్యాక, ఇంకెప్పుడు మొదలుపెడతావు అని అడిగాను.

మొదలుపెట్టి చాలాసేపైంది అంది. నా చెవి పక్కన చెయ్యి ఊపుతూనే ఉందట.

తర్వాత కుర్చీలో కూలబడి, రేపట్నుంచి బస్సెక్కొద్దు అంది. నాకింకేం వచ్చని అరిచాను. తనూ అరిచింది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా తన గొంతు అంత పైకి లేవలేదు.

మార్చి 24, సోమవారం

కంటాసుపత్రి. గిన్నెలాంటి తెల్లటి మెషీన్‌లో గడ్డం పెట్టించి, చేతికో బటన్ ఇచ్చారు. చుక్క వెలిగినప్పుడల్లా నొక్కాలి. కథ లేదు, మనుషుల్లేరు, సంగీతం లేదు. ఇంత భయపెట్టిన షో ఇంతవరకూ చూడలేదు. చుక్కలు రానప్పుడు కూడా మెషీన్ టిక్కుమంటూనే ఉంది. వస్తున్నాయి, నాకు కనబడటం లేదన్నమాట. పరీక్షలో కాపీ కొట్టినట్టు రెండుసార్లు ఊరికే నొక్కాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కాగితం నా ముందు పెట్టింది. ఎడమకన్ను బొమ్మలో మధ్యన రూపాయి బిళ్ళంత తెలుపు, మిగతాదంతా నలుపు. కుడిదానికీ అంచున నలుపు మొదలైంది. కంట్లో ప్రెషర్ పెరిగిందండి, పోయింది తిరిగి రాదు, చుక్కల మందు రోజూ వేసుకుంటే ఉన్నది నిలబెట్టొచ్చు అంది. ఎంతకాలమంటే చెప్పలేనంది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. పెన్ను కింద పెట్టేసింది.

మీరు మా డిపోకి రాస్తారా అని అడిగాను. ఆ అధికారం నాకు లేదండి, మీరే చెప్పాలి అంది.

అంటే జనవరి దాకా నన్ను ఎవరూ పట్టుకోలేరు.

మార్చి 25, మంగళవారం

ఆఫ్. ఆటకి వెళ్ళలేదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో తెలియనప్పుడు ఏ సినిమా ముందు చూడాలి? పొద్దుటినుంచీ ఇదే ఆలోచన. మా ఆవిడ మందు వేస్తూ, కళ్ళు ఆర్పకండి అంటుంది.

మార్చి 26, బుధవారం

పొద్దున ఐదింటికే డిపోకి వెళ్ళి మేనేజర్ బల్ల మీద కార్డూ, ఆసుపత్రి కాగితమూ పెట్టేశాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కూర్చోవయ్యా అన్నాడు. కూర్చుంటే లేవలేనేమోనని కూర్చోలేదు. స్పాయిలర్‌కి నేనే చెప్పాను. ఎందుకన్నా అని ఒక్క మాట అడిగి మొహం తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. నా బస్సే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. ఎవరో కొత్త డ్రైవరు. ప్రతి స్టాపులో తలంతా పక్కకి తిప్పి ఎక్కేవాళ్ళని లెక్కపెట్టాను. చివరి స్టాపు దాకా నూట పద్నాలుగు మంది ఎక్కారు. నూట పద్నాలుగు మందీ దిగారు.