ఎలుకల పసరు

నాన్నా, వంటింట్లో సీసాలో ఉన్న నేలఉసిరి పసరు ఇక తాగకండి. అది మా కాలేజీ ఎలుకల కోసం పిండింది.

నిన్న వాటిని కోసి చూశాం. కొవ్వు పట్టేలా వట్టి వనస్పతి నెయ్యి మేపినవాటి కాలేయం వెన్నముద్దలా పాలిపోయింది. దాంతోపాటు పసరు కూడా పట్టినవాటిది ఎర్రగా నిగనిగలాడుతోంది. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వాటి రక్తంలో కొలెస్ట్రాల్ సంగతి ఇవాళ తేలుతుంది. అందుకే టిఫినైనా తినకుండా గుణదల సెంటర్లో మొదటి బస్సుకి పరిగెడుతున్నా.

సీసా తరుగుతుంటే అమ్మ ఒలకబోసిందనుకున్నా. తీరా చూస్తే మీ మీసాలకి పచ్చగా అంటుకుని ఉంది. మనుషులకి అది మంచిదో చెడ్డదో ఇంకా తెలియదు. మీ కాలేయానికి కొవ్వు పట్టిందని డాక్టరుగారన్న మాట నాకు చెప్పొచ్చుగా.

రూతు

సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి నేనూ వస్తా, చొక్కా మార్చుకుని ఉండండి. ఎలుకలనైతే కోసి చూశాను, మిమ్మల్నెలా చూడను నాన్నా.