టెక్నీషియం ఇంట్లో ఇద్దరు దొంగలు

సోమవారం రాత్రి, నెహ్రూ నగర్

ముంబై ల్యాబ్‌లో చేసిన నా టెక్నీషియం లోహ సమ్మేళనం స్ఫటికం ఎక్స్-రే ఫలితం ఈరోజు వచ్చింది. నేను పరిశోధన పేపర్‌లో రాసినట్టే రెండు గంధకం పరమాణువులూ లోహాన్ని పట్టుకున్నాయి, పక్కనే మూడు కార్బన్ మోనాక్సైడ్‌లు. ఒకటే పట్టుకుని ఉంటే పేపర్ చెత్తబుట్టకే. సాయంత్రం, ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరైన నాన్నకు ఆ అమరిక బొమ్మ చూపించాను.

"ఏటే ఇది? ఆ మోనాక్సైడ్ గ్యాస్ లీకైతే మేం పరుగో పరుగు. గంధకం చేరితే ఉక్కు పాడే. ఆ దొంగలిద్దరిచేతా ఒకే ఇంట్లో కాపురం పెట్టించీసినావా?"

"బుద్ధిగానే ఉన్నారు నాన్నా."

"అయితే జలేబీ తెప్పించు!"

కానీ చూసింది ఒక్క స్ఫటికాన్నే. సీసాలో మిగతావీ ఇలాగే ఉంటాయా? ఇంకొకటి కూడా చూడమని ల్యాబ్‌కు రాశాను. జవాబు వచ్చేదాకా ఆగుదామన్నాను. నాన్న ఆగలేదు. జలేబీ బాగుంది.