చందనాల దగ్గరే ఆగిన అన్న

ఆదివారం, వైశాఖం ఎండలు

సాయంత్రం వలలు ఆరేసిన ఇసుకలో కూర్చొని అన్నకు ఫోన్ చేసినా. మేకల్ని తోలుకొని కొండెక్కినాడంట. ఎక్కడున్నావన్నా అంటే, "చందనాల్లోనే అమ్మా" అన్నాడు. మా పుట్టింటి వెలిగొండల్లో ఎత్తు చెప్పేది చెట్లతోనే. అడుగున తంగేడు, నడుమ ఎర్రచందనం, కొన మీద కొండీత. పోయినేడు ఇదే పొద్దుకి ఈతల్లోంచి మాట్లాడినాడు. మోకాళ్ల నొప్పి తగ్గలేదన్నమాట. నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

"కొండీత పండ్లు కోసి పంపేదా?" అన్నాడు.

నోరూరింది. ఆ వగరు తీపి తిని ఆరేళ్లయింది. ఈ సముద్రపొడ్డున ఎటు చూసినా ఒకటే మట్టం.

"వద్దులే అన్నా, ఇక్కడ సంతలో దొరుకుతున్నాయి" అన్నా.

అంతెత్తు పండ్లు ఏ సంతకూ దిగవని అన్నకు తెలియదా? అయినా, "సరేలేమ్మా" అన్నాడు.