అమ్మని తీసెయ్యమన్నారు

అమ్మా, నేను కులాసానే, ఒళ్ళే మండిపోతోంది. డేటా సైన్స్ చదువులో ఈ ఏడాదంతా కంపెనీలో పని కదా, మనింట్లో వాషింగ్ మెషీన్ తయారుచేసిన కంపెనీలోనే పడ్డాను. నీళ్ళు కారుతున్నాయన్న ఫిర్యాదులన్నీ జల్లెడ పట్టి, తప్పు నీళ్ళ గొట్టానిదేనని తేల్చాను. మా మేనేజరు గ్రాఫు చూసి, “మాటిమాటికీ ఫోన్ చేసేవాళ్ళకి వేరే పనుండదమ్మా. వాళ్ళని లెక్కలోంచి తీసెయ్, గీత కిందికి దిగుతుంది” అన్నాడు. ఆ వరసలో మొదటి పేరు నీదే! తియ్యనంటే తియ్యనన్నాను. నా మార్కులు తన చేతిలో ఉన్నాయని గుర్తుచేశాడు. ఉంటే ఉండనీ!

తమ్ముడితో నా పాత స్వెట్టరు పోస్టు చేయించు. నాన్నకి మోకాలి నొప్పి తగ్గిందా? నమస్కారాలు చెప్పు.

మెషీన్ కింద ఇంకా గుడ్డలే కుక్కుతున్నావా? కుక్కింది చాలు. రేపు మళ్ళీ ఫోన్ చెయ్యి. ఈసారి లెక్కపెట్టడానికి నేనున్నాను.

నీ పెద్దది